జి తో జైలు, జె తో జైలు

ఇంగ్లీషులో జైలుకి రెండు స్పెల్లింగులున్నాయి. ఒకటి మనందరికీ తెలిసిన జె-ఎ-ఐ-ఎల్. రెండోది జి-ఎ-ఓ-ఎల్. ఈ రెండోదాన్ని మొదటిసారి చూసిన తెలుగువాడెవడూ జైలని చదవడు. 'గావోల్' అంటాడు, 'గోల్' అంటాడు, లేదంటే అచ్చుతప్పు అనుకుని మనసులోనే దిద్దుకుని ముందుకెళ్ళిపోతాడు. పలకడం మాత్రం రెండూ ఒకటే. జైల్.

పాత గెజెట్లు, ఉత్తరాలు, కోర్టు కాగితాలు టైపు చేసి నెట్‌లో పెట్టే ఒక చిన్న బృందంలో నేనూ ఉన్నాను. అక్కడ ఈ మాట మీద కొన్నాళ్ళుగా తగువు నడుస్తోంది. పాత స్పెల్లింగులన్నీ ఇప్పటి స్పెల్లింగుల్లోకి మార్చేద్దాం, చదివేవాళ్ళకి హాయిగా ఉంటుందని సగంమంది అంటారు. షోకాజ్ నోటీసులో 'షో'ని ఎస్-హెచ్-ఇ-డబ్ల్యూ అని రాసేవాళ్ళు, 'కనెక్షన్'లో ఎక్స్ పెట్టేవాళ్ళు, 'టుడే' మధ్యలో గీత గీసేవాళ్ళు. ఇవన్నీ పట్టుకుని వేలాడడం దేనికంటారు. షో, కనెక్షన్, టుడే సంగతిలో నాకూ పట్టింపు లేదు, మార్చుకోండి. జైలు దగ్గర మాత్రం నేను ఒప్పుకోను. పాతదంటే మోజని కాదు. ఇవాళ ఎవరైనా కొత్తగా రాస్తూ జి తో జైలు రాస్తే నాకది ఉత్త డాబుగానే కనిపిస్తుంది. నా అభ్యంతరం వేరు. జి తో రాసిన పాత జైలూ, మనం ఇప్పుడు జైలు అనగానే అనుకునేదీ ఒకటే వ్యవస్థ కాదు. స్పెల్లింగు దిద్దగానే ఆ తేడా కంటికి కనబడకుండా పోతుంది.

అసలు రెండు స్పెల్లింగులు ఎందుకొచ్చాయో ముందు చెప్తాను. లాటిన్‌లో 'కావెయా' అంటే బోలుగా ఉన్న చోటు, బోను, పంజరం. అందులో చిన్నది 'కావెయోలా'. ఈ మాట ఫ్రాన్సు చేరేసరికి ఒక్కో ప్రాంతంలో ఒక్కోలా అరిగింది. నార్మండీ వైపు 'గ' నిలిచి 'గయోల్' అయింది, పారిస్ వైపు 'జ' వచ్చి 'జయోల్' అయింది. 1066లో ఇంగ్లండుని గెలిచింది నార్మన్లు. అందుకని రాజుగారి కచేరీల్లోకి గకారం ముందు దూరింది. ఆ తర్వాత పారిస్ ఫ్రెంచికి గౌరవం పెరిగి జకారం జనం నోళ్ళలోకి వచ్చింది. కొన్ని వందల ఏళ్ళు రెండు ఉచ్చారణలూ పక్కపక్కనే బతికాయి. చివరికి నోరు జకారాన్ని ఉంచుకుంది, కలం గకారాన్ని వదల్లేదు. ఇంగ్లీషులో 'ఎ' ముందున్న 'జి'ని జ అని పలికే మాటలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఇదొకటి, మార్జరిన్ ఇంకోటి.

ఫ్రిజ్ కొనేటప్పుడు 'వారంటీయా, గ్యారంటీయా?' అని షాపువాణ్ణి నిలదీస్తాం కదా. అవి రెండూ కూడా ఇలాంటి కవలలే. ఒకే మాట నార్మండీ నుంచి ఒకసారి, పారిస్ నుంచి ఒకసారి దిగుమతైంది. హాస్టల్ వార్డెన్, పిల్లల గార్డియన్ కూడా అంతే. అక్కడ రెండింటికీ వేరువేరు పనులు దొరికాయి కాబట్టి రెండూ బతికాయి. జైలుకి ఆ అదృష్టం లేదు. ఒకే ఉచ్చారణ, ఒకే అర్థం, రెండు స్పెల్లింగులు. పోర్చుగీసులో 'గయోలా' అంటే ఇప్పటికీ పిట్టల పంజరమే. జీవశాస్త్రం చదివినవాళ్ళకి ఇంకో చుట్టం తగులుతుంది. కణం పొర మీద ఉండే చిన్న చిన్న గుంటల్ని 'కావెయోలే' అంటారు. అదే లాటిన్ మాట, 1950లలో మైక్రోస్కోపు దగ్గర కూర్చున్నవాళ్ళ చేతిలో మళ్ళీ కొత్తగా పుట్టింది.

మధ్యయుగాల కాగితాల్లో దీనికి లెక్కలేనన్ని రూపాలు. జి తో మొదలయ్యేవి, జె తో మొదలయ్యేవి, ఐ తో మొదలయ్యేవి కూడా. అప్పట్లో ఐ, జె వేరువేరు అక్షరాలుగా స్థిరపడలేదు మరి. శామ్యూల్ జాన్సన్ 1755 నిఘంటువులో రెండు స్పెల్లింగులకీ చోటిచ్చాడు. అమెరికాలో నోవా వెబ్‌స్టర్ 1828 నిఘంటువులో అంత మొహమాటపడలేదు. జి తో రాస్తే 'గోల్' అనే వేరే మాటతో కలిసిపోతోంది, అందరూ ఒకేలా జె తో రాస్తే మేలని తేల్చేశాడు. అమెరికన్లు విన్నారు. బ్రిటన్‌లో మాత్రం ప్రభుత్వ కాగితాల్లో జి యే నడిచింది, ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు తొలి ముద్రణ కూడా ఆ సంగతే నమోదు చేసింది. అంటే ఈ స్పెల్లింగుని వందల ఏళ్ళు బతికించింది మాట్లాడేవాళ్ళు కాదు, గుమాస్తాలు. ముందు కాగితంలో ఎలా ఉందో చూసి ఈ కాగితంలో రాయడం. మన రిజిస్ట్రేషన్ దస్తావేజుల భాష చదివినవాళ్ళకి ఈ జబ్బు గురించి వేరే చెప్పక్కర్లేదు.

వెబ్‌స్టర్ భయం ఉత్తదేమీ కాదు. లా చదివే మా మేనల్లుడు మాకు ప్రూఫులు చూసిపెడుతుంటాడు. ఒకరోజు ఫోన్ చేశాడు.

"మామయ్యా, 1840ల పేపరు. అప్పు తీర్చలేక ఒకాయన పదకొండు నెలలు గోల్‌లో ఉన్నాడంట. గోల్ కీపరా?"

"అక్షరాలు చెప్పరా."

"జి-ఓ-ఎ-ఎల్."

"స్కాన్ బొమ్మ చూడు. ఓ, ఎ అటూ ఇటూ అయ్యాయేమో."

"లేదు మామయ్యా, అచ్చులోనే అలా ఉంది."

వాడు చెప్పింది నిజమే. అచ్చు కూర్చేవాళ్ళే ఈ రెండక్షరాల్ని తారుమారు చేసిన సందర్భాలు పాత ఇంగ్లీషు పత్రికల్లో కోకొల్లలు. దానిపైన కంప్యూటరు చేసే తప్పులు వేరు. బొమ్మలోంచి అక్షరాలు చదివే సాఫ్ట్‌వేరు ఒక్కోసారి సరైనదాన్ని కూడా 'గోల్' చేసిపెడుతుంది. అందుకని పాత పత్రికల్లో ఎవరి గురించైనా వెతికేవాళ్ళు మూడు స్పెల్లింగులతోనూ వెతకాలి. జె తో ఒకసారి, జి తో ఒకసారి, ఆటలో కొట్టే గోల్‌తో ఇంకోసారి. తాతముత్తాతల్లో స్వాతంత్ర్య సమరయోధులున్నారు, పాత పేపర్లలో వాళ్ళ పేరు ఎంత వెతికినా రావట్లేదు అనేవాళ్ళు కొందరు నాకు మెయిల్ రాస్తుంటారు. 'జైలు' అని మామూలు స్పెల్లింగుతో వెతికి ఊరుకుని ఉంటారు. జి తో వెతకండి ముందు.

ఇదంతా స్పెల్లింగు గోల. నా అసలు వాదన అర్థం గురించి.

1166లో ఇంగ్లండు రాజు రెండో హెన్రీ క్లారెండన్‌లో ఒక శాసనం చేశాడు. ఏ కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) జైళ్ళు లేవో అక్కడ, పట్నంలోనో రాజుగారి కోటలోనో కట్టించమన్నాడు. ఖర్చు రాజుగారిది, కలప రాజుగారి అడవిది. దేనికి కట్టించాడు? శిక్ష వెయ్యడానికి కాదు. నేరం చేశారని ఊరివాళ్ళు ప్రమాణం చేసి చెప్పినవాళ్ళని, రాజుగారి జడ్జీలు ఆ ఊరు వచ్చేదాకా పారిపోకుండా పట్టి ఉంచడానికి. శిక్షలు వేరే ఉండేవి. ఆ శాసనం ప్రకారమే దోషి అని తేలినవాడికి పాదం నరికేవారు. తర్వాతి కాలంలో ఉరి, కొరడా, వాత, జరిమానా. 1718 నుంచి అమెరికాకి ఓడెక్కించడం. ఇవేవీ జైల్లో జరిగేవి కావు. విచారణ అయిందంటే మనిషి జైల్లోంచి బయటికి రావాల్సిందే, ఇంటికో, ఓడకో, ఉరికొయ్యకో.

దీనికి ఒక చక్కని పాత మాట ఉంది, 'జైల్ డెలివరీ'. డెలివరీ అనగానే మనకి పురుడో పార్శిలో గుర్తొస్తాయి. అప్పట్లో అది జడ్జీకి రాజుగారిచ్చే అధికారపత్రం పేరు. ఫలానా ఊరి జైల్లో ఉన్న ప్రతి మనిషినీ నీ ముందుకి రప్పించుకో, ఒక్కొక్కడి సంగతీ తేల్చు, జైలు ఖాళీ చెయ్యి అని. జైలరు తన దగ్గరున్నవాళ్ళ జాబితా రాసి జడ్జీకి అందించాలి. జాబితాలో ఉన్న అందరి సంగతీ తేలితేనే జడ్జీ పని అయినట్టు. ఈ మాట మన దేశానికీ ఓడెక్కి వచ్చింది. 1726లో ఇంగ్లండు రాజు ఇచ్చిన చార్టరు (అధికారపత్రం) మద్రాసు గవర్నరుకీ ఆయన కౌన్సిలుకీ ఇచ్చిన క్రిమినల్ కోర్టు పేరులో జైల్ డెలివరీ ఉంది. 1774లో కలకత్తా సుప్రీంకోర్టు పెట్టిన చార్టరులోనూ ఉంది. ఇంగ్లండులో ఊరూరా తిరిగే ఆ కోర్టుల్ని 1971 చట్టంతో ఎత్తేసేదాకా ఆ పేరు కాగితాల మీద నడిచింది.

మరి జైలు నిజంగా ఖాళీ అయ్యేదా? జడ్జీలు ఏడాదికి రెండుసార్లొచ్చేవారు, కొన్ని కౌంటీల్లో ఒక్కసారే. శీతాకాలంలో పట్టుబడ్డవాడు వేసవిదాకా కూర్చోవాలి. ఈలోగా తిండీ, పరుపూ, సంకెళ్ళు వదులు చెయ్యడం, అన్నిటికీ జైలరుకి డబ్బు కట్టుకోవాలి. జైలరుకి జీతం ఉండేది కాదు, ఖైదీలిచ్చే ఫీజులే అతని రాబడి. కొత్తగా వచ్చినవాడు లోపలున్న పాత ఖైదీలకి కూడా తాగుడు ఖర్చు ఇచ్చుకోవాలి. 'కడతావా, బట్టలు విప్పుతావా' అనేవారట. ఆ మామూలు పేరేమిటో తెలుసా? గార్నిష్. ఇవాళ యూట్యూబ్ వంటల వీడియోల్లో కొత్తిమీర చల్లుతూ మనం అనే గార్నిష్షే. బట్టలు ఊడదీసి ఇచ్చినవాళ్ళు చలికాలం ఏమయ్యారన్నది పాత రికార్డులు చదివేవాళ్ళకి తెలుస్తుంది.

ఈ సంగతుల్ని లోకానికి చెప్పినవాడు జాన్ హోవర్డ్. 1773లో ఇంగ్లండులోని బెడ్‌ఫర్డ్‌షైర్ కౌంటీకి షెరీఫ్ అయ్యాడు, కౌంటీ జైలు ఆ పదవి కిందే ఉండేది. ఆ పదవిలో అంతకుముందున్న పెద్దమనుషులు జైలు పని కింది వాళ్ళకి వదిలేసేవారు. హోవర్డ్ తనే వెళ్ళి చూశాడు. నిర్దోషులని కోర్టు తేల్చినవాళ్ళని మళ్ళీ జైలుకి లాక్కొస్తున్నారు, జైలరు ఫీజు కట్టలేదని. విచారణకి తగ్గ ఆధారమే లేదన్నవాళ్ళనీ అలాగే. జైలరుకి జీతమివ్వండి, ఫీజులు మానిపించండి అని కౌంటీ పెద్దల్ని అడిగాడు. ఇంకెక్కడైనా ఇలా ఇచ్చిన దాఖలా ఉందా అన్నారు వాళ్ళు. ఏ దేశంలోనైనా ఆఫీసు ఆఫీసే! దాఖలా కోసం పక్క కౌంటీలకి బయల్దేరాడు. దాఖలా దొరకలేదు, ఎక్కడ చూసినా అదే అన్యాయం కనిపించింది. ఆ తిరుగుడు ఇక ఆగలేదు. 1774లో పార్లమెంటు రెండు చట్టాలు చేసింది. ఒకటి నిర్దోషుల దగ్గర ఫీజు వసూలు ఆపడానికి, రెండోది జైళ్ళలో జ్వరం తగ్గించడానికి.

ఆ జ్వరానికి పేరే జైలు జ్వరం, మనం టైఫస్ అంటాం. పేల వల్ల వచ్చేది. 1577లో ఆక్స్‌ఫర్డ్ కోర్టులో, 1750లో లండన్ ఓల్డ్ బెయిలీలో ఖైదీలతోపాటు వచ్చి జడ్జీలని, జ్యూరీని, లండన్ మేయరుని కూడా పట్టుకుపోయింది. వాసనకి జబ్బు వస్తుందని నమ్మి జడ్జీలు మూలికల గుత్తులు దగ్గర పెట్టుకునేవారు, అసలు పేలు వాటిని లెక్కచేస్తాయా? హోవర్డ్ కూడా 1790లో ఇప్పటి ఉక్రెయిన్‌లోని ఖెర్సన్‌లో జ్వరంతోనే పోయాడు, అదే జ్వరమంటారు.

ఆయన 1776లో ఇంగ్లండు, వేల్స్ జైళ్ళన్నీ తిరిగి తలలు లెక్కపెట్టాడు. మొత్తం 4,084 మంది. అందులో 2,437 మంది బాకీదార్లు. నూటికి అరవై మంది! దొంగలు, హంతకులు కాదు, అప్పు తీర్చలేనివాళ్ళు. తీర్చేదాకా కూర్చోవాలి, అంతే. గడువు లేదు. 1824లో ఇంగ్లీషు నవలాకారుడు చార్లెస్ డికెన్స్ తండ్రి లండన్‌లో మార్షల్సీ జైలుకి వెళ్ళింది ఒక రొట్టెలవాడి బాకీ నలభై పౌన్ల గురించి. భార్య, చిన్నపిల్లలు కూడా ఆయనతోపాటు ఆ జైల్లోనే కాపురం పెట్టారు. పన్నెండేళ్ళ చార్లెస్ బూటుపాలిష్ డబ్బాలకి చీటీలు అంటించే పనికి పోయాడు. ఇప్పటి అర్థంలో 'జైలు' అని చదివితే పెళ్ళాం పిల్లలతో జైల్లో కాపురం ఏమిటో మనకి బోధపడదు.

నిజానికి తెలుగువాళ్ళకి కాస్త బోధపడాలి. గోల్కొండ కోటలో రామదాసు బందిఖానా చూపిస్తారు కదా. కథ ఏమిటి? సర్కారు సొమ్ము బకాయి పడ్డాడు, బకాయి చెల్లగానే విడుదలయ్యాడు. ఇన్నేళ్ళు అని శిక్ష వేసి పెట్టింది కాదు. తర్వాత బ్రిటిష్‌వాళ్ళ చట్టం ద్వారా ఇంగ్లండు బాకీదార్ల జైలు మనకీ వచ్చింది, దానితోపాటు 'ఐపీ పెట్టడం' వచ్చింది. వ్యాపారం మునిగినవాడు ఇన్సాల్వెన్సీ పిటిషన్ వేసి, కోర్టు దగ్గర రక్షణ ఉత్తర్వు తెచ్చుకుంటే బాకీ కింద అరెస్టు తప్పేది. ఆ మాట ఇవాళ చిట్టీలు ఎత్తేసి పారిపోయినవాడికీ వాడేస్తున్నాం. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో బాకీకి జైలు ఇప్పటికీ పోలేదు. డిక్రీ, అంటే కట్టమని కోర్టు తేల్చిన మొత్తం, 5,000 రూపాయలు దాటితే మూడు నెలలకి మించకుండా సివిల్ జైలు. తమాషా ఏమిటంటే లోపలున్నన్నాళ్ళూ బాకీదారు తిండి ఖర్చు అప్పిచ్చినవాడే కట్టాలి! కట్టడం మానేస్తే వదిలేస్తారు. కేవలం కట్టే స్తోమత లేదన్న కారణానికి మనిషిని జైల్లో పెట్టడం కుదరదని సుప్రీంకోర్టు 1980లో జాలీ జార్జి వర్గీస్ కేసులో గట్టిగానే చెప్పింది.

మరి జైలంటే శిక్ష అనే అర్థం ఎప్పుడొచ్చింది? నెమ్మదిగా వచ్చింది. అమెరికా తిరగబడ్డాక 1776లో అక్కడికి ఓడలు ఆగిపోయాయి. ఓడెక్కాల్సినవాళ్ళని థేమ్స్ నదిలో పాత ఓడల్లోనే కుక్కారు. తర్వాత ఆస్ట్రేలియా దొరికింది, అదీ 1868కి ముగిసింది. పంపడానికి చోటు లేక, ఉరి వెయ్యడానికి మనసొప్పక, ఏళ్ళ లెక్కన లోపల ఉంచడమే శిక్ష అయింది. అంతకుముందు సోమరుల చేత, చిల్లర నేరస్తుల చేత పని చేయించే 'దిద్దుబాటు ఇళ్ళు' వేరే ఉండేవి. 1865 చట్టం ఆ ఇళ్ళనీ, పాత జైళ్ళనీ కలిపేసి రెండింటికీ 'ప్రిజన్' అని ఒకే పేరు పెట్టింది. అక్కడితో ఆపి ఉంచే చోటుకీ, శిక్షించే చోటుకీ మధ్య గోడ పడిపోయింది. స్పెల్లింగు మాత్రం జి తోనే ఇంకో వందేళ్ళు సాగింది.

ఇక్కడ మా బృందంలో ఒకావిడ మంచి ప్రశ్నే వేసింది. "అయితే అర్థం మారాక కూడా జి తోనే రాశారుగా? స్పెల్లింగు చూసి అర్థం ఎలా చెప్తారండీ?" ఆమె అన్నది నిజం. రచయిత ఆస్కార్ వైల్డ్ 1895లో రెండేళ్ళ కఠిన శిక్ష పడి చేరిన రెడింగ్ జైలు పేరూ జి తోనే. ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో, బ్రిటిష్ పాలన మీద 1916లో జరిగిన తిరుగుబాటు నాయకుల్ని కాల్చి చంపిన కిల్‌మైనమ్ జైలు ఇప్పుడు మ్యూజియం, దాని పేరూ జి తోనే. స్పెల్లింగు అర్థం చెప్పదు, ఒప్పుకుంటున్నాను. అది చేసే పని ఒక్కటే, చదివేవాణ్ణి ఒక్క క్షణం ఆపుతుంది. ఆగినవాడు తేదీ చూసుకుంటాడు. 1865కి ముందా, తర్వాతా అని అడుగుతాడు. చక్కగా జె తో దిద్ది ఇస్తే ఆగడు. తనకి తెలిసిన జైలే అనుకుంటాడు, 1750లో జైలుకెళ్ళిన ప్రతివాణ్ణీ నేరస్తుణ్ణి చేసేస్తాడు. వింతగా కనబడే మాట ఎవర్నీ మోసం చెయ్యదు. మోసం చేసేది ముఖం మారకుండా లోపల మారిపోయిన మాట.

ఇంతకంటే విచిత్రం అమెరికాలో ఉంది. అక్కడున్న మనవాళ్ళని అడగండి, జైలు వేరు, ప్రిజన్ వేరు అంటారు. జైలు కౌంటీ షెరీఫ్ చేతిలో ఉంటుంది. విచారణ కోసం ఎదురుచూసేవాళ్ళు, ఏడాది లోపు చిన్న శిక్షలవాళ్ళు అందులో ఉంటారు. పెద్ద శిక్ష పడితే రాష్ట్రం నడిపే ప్రిజన్‌కి పంపుతారు. షెరీఫ్ చేతిలో ఉండి, విచారణదాకా ఆపి ఉంచే చోటు. హోవర్డ్ చూసింది ఇదేగా! స్పెల్లింగుని కొత్తగా మార్చుకున్న అమెరికా పాత అర్థాన్ని నిలబెట్టుకుంది. పాత స్పెల్లింగుని గుండెకి హత్తుకున్న బ్రిటన్ అర్థాన్ని ఎప్పుడో జారవిడిచింది. స్పెల్లింగుల మీద బెంగపెట్టుకునే ఇంగ్లీషు పెద్దమనుషులు ఈ ముక్క ఎక్కడా రాయరు.

మనం ఏ వైపు? చట్టం చూస్తే బ్రిటన్ వైపు. 1894 ప్రిజన్స్ యాక్ట్ రెండింటినీ ఒకే గంపలో వేసింది. భాష చూసినా అంతే. రిమాండ్‌కి పంపినా, యావజ్జీవం పడినా తెలుగులో 'జైలుకెళ్ళాడు' అనే అంటాం. 'ఊచలు లెక్కపెడుతున్నాడు', 'చిప్పకూడు తింటున్నాడు' అంటాం. శ్రీకృష్ణ జన్మస్థానం అని వెటకారం కూడా. అసలు ఆ జన్మస్థానంలో ఉన్న దేవకీ వసుదేవులు ఏ నేరం చేశారు? ముందుజాగ్రత్త కింద నిర్బంధంలో ఉన్నవాళ్ళు వాళ్ళు.

వాస్తవం చూస్తే మాత్రం మనం పన్నెండో శతాబ్దపు ఇంగ్లండుకే దగ్గర. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల ప్రకారం 2022 డిసెంబరు 31 నాటికి దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉన్నారు. అందులో విచారణ ఖైదీలు 4,34,302 మంది. నూటికి దాదాపు 76 మంది. నాలుగో వంతుకి మాత్రమే శిక్ష పడింది. అంటే మన జైలు ముఖ్యంగా ఆపి ఉంచే చోటు, వాయిదా కోసం ఎదురుచూసే చోటు. జి తో రాసిన జైలు! మాటలో మాత్రం జైలంటే దోషి. పేపర్లో 'పద్నాలుగు రోజుల రిమాండ్' అని చదివి శిక్ష పడిందనుకునేవాళ్ళు ఊరినిండా ఉన్నారు. ఆర్నెల్లు సబ్ జైల్లో ఉండి కేసు కొట్టేశాక ఇంటికొచ్చిన కుర్రాడికి సంబంధం చూడబోతే, అవతలివాళ్ళు 'జైలుకెళ్ళొచ్చినవాడట కదండీ' అంటారు. ఇంకో సంగతి విననే వినరు. కోర్టు నిర్దోషి అన్నదన్న ముక్క ఆ వాక్యంలో ఎక్కడా ఇమడదు.

1977లో ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టుకి వెళ్ళిన గుడికంటి నరసింహులు కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు మొదలయ్యేదే 'బెయిలా, జైలా?' అన్న ప్రశ్నతో. అదే ఏడాది రాజస్థాన్ కేసులో ఆయన రాసిన 'బెయిలే, జైలు కాదు' అన్న మాట ఇప్పటికీ ప్రతి లాయరు నోట్లో ఉంటుంది. జి తో రాసి ఉంటే ఆ ప్రాస కంటికి ఆనేది కాదు, జె కి ఆ మాత్రం ఘనత ఇవ్వాలి. 1979లో హుసైనారా ఖాతూన్ కేసులో బీహార్ జైళ్ళ సంగతి బయటపడింది. నేరం రుజువైతే పడే శిక్ష కంటే ఎక్కువ కాలం విచారణ లేకుండానే లోపల ఉన్నవాళ్ళు తేలారు. బెడ్‌ఫర్డ్‌లో హోవర్డ్ చూసిన మనుషులే, పేర్లు మారాయంతే. అక్కడ జైలరు ఫీజు కట్టలేక ఉండిపోయారు, ఇక్కడ జామీను పెట్టేవాడు లేక ఉండిపోయారు. ఇప్పటికీ బెయిల్ వచ్చాక పూచీకత్తుకి ఇద్దరు మనుషులు దొరక్క, ములాఖత్‌కి వచ్చే దిక్కు కూడా లేక లోపలే ఉండిపోయేవాళ్ళున్నారు.

మా బృందం తగువు ఎక్కడికొచ్చిందో చెప్పి ముగిస్తాను. టైపు చేసిన పాఠంలో జి అలాగే ఉంటుంది. వెతికేవాళ్ళకి దొరకడం కోసం కనబడకుండా వెనకాల జె స్పెల్లింగు కూడా జోడిస్తున్నాం. అచ్చులో తారుమారైన 'గోల్'ని ముట్టుకోం, పక్కన చిన్న నోటు రాస్తాం. ఆ నోటులో ఏం రాయాలనే దాని మీద ఇంకా రాజీ కుదరలేదు. 'జైలుకి పాత స్పెల్లింగు' అని ఒక్క ముక్క చాలని వాళ్ళంటున్నారు, చాలదని నేను. మేనల్లుడు ఈలోగా కొత్త చట్టం తీసి నా ముందు పెట్టాడు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన చట్టం) 479వ సెక్షన్. మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు, ఆ నేరానికున్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణలోనే లోపల గడిపేస్తే బాండు మీద వదలాలి. ఇంకో కేసు నడుస్తూ ఉండకూడదు, ఉరిశిక్షో యావజ్జీవమో పడే నేరం కాకూడదు. మిగతావాళ్ళకి సగం కాలం. ఆ గడువు దాటగానే కోర్టుకి దరఖాస్తు రాయాల్సింది ఖైదీ కాదు, జైలు సూపరింటెండెంట్.

"జైలరు జాబితా రాసి జడ్జీకి ఇవ్వాలన్నావు కదా మామయ్యా, ఇదీ అదేగా?" అన్నాడు.

అదే. సూపరింటెండెంట్లు ఆ జాబితా సమయానికి రాస్తున్నారో లేదో చూడమని వాడికే పని అప్పగించాను.